శాలువా కింద సింహం

ముప్పై ఒక్క ఏళ్లు జువాలజీ చెప్పాను. బందరులో నా దగ్గర చదువుకున్నవాళ్లలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, రొయ్యల చెరువులకు సలహాలిచ్చి బతికేవాళ్లూ ఉన్నారు. వైరస్ అనే మాట నా ముందు ఎత్తాలంటే వాళ్లంతా ఇప్పటికీ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. అలాంటిది నా కళ్లుగప్పి, నా ఇంట్లో, నా మంచానికి మూడడుగుల దూరంలో ఒక వైరస్ నెల రోజులకు పైగా దర్జాగా కాపురం చేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా నేనే చెప్తాను. మా ఆయన్ని చెప్పనిస్తే సింహం సంగతి ఎగరగొట్టేస్తారు.

మా ఆయన ప్రకాశరావు గారు పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మా చర్చి క్వయర్‌కి ఇరవై ఆరేళ్లుగా మాస్టరు. హార్మోనియం ముందు కూర్చున్నారంటే ఎంతటివాళ్లకైనా హడల్. ఎవరి గొంతైనా కాస్త పక్కకు జారితే కళ్లజోడు ముక్కు కొసకు దింపి ఓ చూపు చూస్తారు. ఆ చూపుకు పాడుతున్నవాళ్లు పాట మర్చిపోతారు. మనిషి మంచివారే. కాకపోతే పిరికివారు. ఆ పిరికితనం బయటపడకూడదని గొంతు పెంచుతారు. పెళ్లయిన వారానికే నాకా సంగతి తెలిసింది, ఊరికి మాత్రం ఈ మధ్యే తెలిసింది.

మా క్వయర్‌కి ఒక ఆచారం ఉంది. మొదటి మాస్టరు నాటి మెరూన్ రంగు శాలువా ఒకటి మాస్టర్ల చేతులు మారుతూ వస్తోంది. ఏదైనా పెద్ద కార్యక్రమానికి సోలో ఎవరు పాడాలో మాస్టరు తేల్చుకున్నాక, అందరి ముందూ తన ఒంటి మీది శాలువా తీసి ఆ మనిషి భుజాలకు కప్పుతారు. ఆ రోజు ప్రాక్టీసు ముగిసేదాకా దాన్ని తీయకూడదు. బందరు ఉక్కపోతలో శాలువా ఏమిటండీ, ఉడికిపోరూ అంటే వినేవాళ్లెవరు? మాస్టరి ఒంటి వెచ్చదనం తగిలితేనే పాట నిలుస్తుందట. ఏం తగిలిందో తర్వాత చెప్తాను.

ఈ ఏడాది గుడివాడలో జూబిలీ వచ్చింది. ఏడు చర్చిల క్వయర్లు ఒకే వేదిక మీద పాడాలి. మా వాళ్ల సోలో వినీలకు ఇచ్చారు. వినీలది హంసలదీవి. తండ్రి బెంజమిన్ అక్కడే వల వేసుకుని బతుకుతాడు. పిల్ల ఇక్కడ మేనత్త మేరీ ఇంట్లో ఉంటూ, చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్లు అతికే పని చేస్తోంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వంచిన తల ఎత్తకుండా రాళ్లు అతికి, ఆరున్నరకల్లా ప్రాక్టీసుకు వచ్చేస్తుంది. ఆ పిల్ల పాడుతుంటే లేచి వెళ్లి ఫ్యాన్ ఆపేయాలనిపిస్తుంది, దాని చప్పుడు కూడా అడ్డం అనిపించి.

ఇంకో సంగతి కూడా ఉంది. గుడివాడలో ఒక స్కూలు ప్రిన్సిపాల్ శ్యామ్ సుందర్ గారు పాటల టీచరు కోసం వెతుకుతున్నారు. "డిగ్రీలు నాకొద్దండీ, గొంతు కావాలి. జూబిలీలో మీ అమ్మాయి సోలో వింటాను. నచ్చితే జూన్ నుంచి మా స్కూల్లోనే" అని మా ఆయనతో అన్నారు. ఆ మాట విన్నప్పట్నుంచీ వినీల రాళ్లు అతుకుతూ కూడా పెదాలు కదుపుతూనే ఉందని మేరీ చెప్పింది.

శాలువా కప్పిన ఆదివారం నాకు బాగా గుర్తు. అప్పటికి నాలుగు రోజులుగా మా ఆయనకు నడుం పట్టు. అంటే, నడుం పట్టు అని ఆయన చెప్పారు. డాక్టరు బెల్టు తీయొద్దన్నాడని స్నానానికి తలుపు గడియ పెట్టుకోవడం, రాత్రీ పగలూ బనీను మీద బనీను తొడుక్కోవడం. నేను చూస్తానంటే "చూసి ఏం చేస్తావ్ రత్నం, ఎముకలు కనిపిస్తాయా?" అని విసుక్కోవడం. ఆ రోజు శాలువాను భుజాల మీద వేసుకోకుండా మడతపెట్టి నడుముకు చుట్టుకుని వచ్చారు. వెచ్చగా ఉంటే పట్టు వదులుతుందట. సోలో పేరు ప్రకటించి, నడుముకున్న శాలువా విప్పి, దులిపి, వినీల భుజాల మీద కప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. ఆ పిల్ల సంతోషం పట్టలేక శాలువా కొసతోనే కళ్లు తుడుచుకుంది.

సరిగ్గా పదిహేను రోజులకు మేరీ ఫోన్ చేసింది.

"రత్నకుమారి గారూ, మా పిల్లకి ఆటలమ్మ గారు వచ్చారండీ."

మా చర్చిలో ఆటలమ్మ అనకూడదని, చికెన్‌పాక్స్ అనాలని పాస్టరు గారు కిందటేడు గట్టిగా చెప్పారు. మేరీకి రెండో మాట నోరు తిరగదు, మొదటి మాట వదలబుద్ధి కాదు. మధ్యేమార్గంగా 'గారు' తగిలించింది. వెళ్లి చూద్దును కదా, నిజమే. వీపు మీదా పొట్ట మీదా నీటి బొట్ల లాంటి పొక్కులు. కొన్ని ఇప్పుడే ఎర్రబడుతున్నాయి, కొన్ని నీరు పట్టాయి, కొన్ని అప్పుడే మాడుతున్నాయి. దిండు ఎత్తి చూస్తే కింద వేపాకు. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను. మేరీ నా వైపు చూసి చూడనట్టు దిండు సర్దింది.

"పెచ్చులు కట్టి మాడిపోయేదాకా బయటికి పంపకు. గోళ్లు కత్తిరించు. గీరుకోనివ్వకు" అని చెప్పి వచ్చాను.

ఆ పిల్ల కోలుకుంటున్న రోజుల్లోనే, ఇంకో రెండు వారాలకు, క్వయర్లో ముగ్గురు పడ్డారు. సుధీర్, అక్షిత, వాళ్ల వెనకాల నిలబడే ఇంకో కుర్రాడు. పొక్కులు లేచే ముందు రోజు కూడా వినీల వాళ్ల మధ్యే నిలబడి పాడింది మరి. జూబిలీ చూస్తే ఇంకా పద్దెనిమిది రోజులే. కమిటీ కూర్చుంది. మా ఆయన లేచి గొంతు పెంచారు.

"ఇదంతా వినీల వల్ల వచ్చిందండీ. సముద్రం ఒడ్డు పిల్ల, ఊళ్లోంచి మోసుకొచ్చింది. ముందే చెప్పి ఇంట్లో కూర్చుంటే మన క్వయర్ ఇలా అయ్యేదా? సోలో ఇంకెవరికైనా ఇద్దాం. ఆ పిల్ల గుడివాడ కూడా రావద్దు."

అందరూ నా వైపు తిరిగారు. జువాలజీ లెక్చరర్ని కదా మరి. నేనేమో పెద్ద పండితురాలిలా చేతులు కట్టుకుని, "వరసలో చూస్తే మొదటి కేసు వినీలే" అన్నాను. మాట నిజమే. కానీ నిప్పు రాజుకుంటుంటే కిరసనాయిలు సీసా అందించి, ఇందులో ఉన్నది కిరసనాయిలే, నేను అబద్ధం చెప్పలేదు అంటే ఎలా ఉంటుంది? అలాంటి పని చేశాను. వినీల వెనక బెంచీ పక్కన నిలబడి అంతా వింది. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం మా గేటు చప్పుడైంది. వినీల. మొహం మీద పెచ్చులు రాలిపోయి చిన్న చిన్న మచ్చలున్నాయి. మా ఆయన ముందు గదిలో పేపరు చదువుకుంటున్నారు. ఆ పిల్లను తీసుకెళ్లి వంటింట్లో కూర్చోబెట్టాను.

"ఆంటీ, ఒక్క డౌటు. వైరస్ దానంతటది పుట్టదంట కదా?"

"పుట్టదు. ఎవరో ఒకరి ఒంట్లోంచి రావాల్సిందే."

"అయితే నా వల్ల ముగ్గురికి వచ్చింది, ఒప్పుకుంటా. మరి నాకెవరిచ్చారు?"

నా చేతిలో బెండకాయ చేతిలోనే ఉండిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లలో కొన్ని వేల మంది పిల్లలు నన్ను ప్రశ్నలడిగారు. ఇంత సూటి ప్రశ్న ఒక్కరు అడిగి ఉండరు. నేను అడగాల్సిన ప్రశ్న, అందరూ నా వైపు తిరిగినప్పుడు నేను అడగాల్సిన ప్రశ్న, రాళ్లు అతికే పిల్ల వచ్చి అడిగింది. నిజంగా సిగ్గేసింది.

"మీ ఊళ్లో ఎవరికైనా ఉందా?"

"నాన్నకి ఫోన్ చేసి అడిగా. ఊరు మొత్తం మీద ఒక్కళ్లకి కూడా లేదంట. అయినా క్రిస్మస్ వెళ్లాక నేను ఊరికి వెళ్లనే లేదాంటీ. ఆ మాట అక్కడ చెప్దామంటే నన్నెవరు అడిగారు? పనిలో ఎవరికీ లేదు. అత్తకి చిన్నప్పుడే అయిపోయింది."

గోడ మీద క్యాలెండరు పీకి బల్ల మీద పరిచాను. ఈ వైరస్ ఒంట్లో దిగిన రోజుకూ పొక్కు బయటపడిన రోజుకూ మధ్య తక్కువలో తక్కువ పది రోజులు, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఒకటి. మామూలుగా రెండు వారాలు. వినీలకు పొక్కులు లేచిన రోజు మీద వేలు పెట్టి వెనక్కి లెక్కపెట్టాను. పదిహేనో గడి దగ్గర వేలు ఆగింది. శాలువా కప్పిన ఆదివారం.

"ఆ రోజు ప్రాక్టీసులో ఎవరికీ ఏమీ లేదే!" అన్నాను.

"నాకూ అదే అర్థం కావట్లేదాంటీ. ఆ రోజు జరిగిన నష్టమల్లా ఇదొక్కటే." సంచిలోంచి తెల్ల చున్నీ తీసింది. "భుజం మీద శాలువా పడిన చోట ఎర్ర మరక. నాలుగుసార్లు ఉతికినా పోలేదు."

మరకను వెలుగులో పెట్టి చూశాను. రక్తం కాదు, పాన్ కాదు. గోటితో గీకి వాసన చూశాను. మట్టి. ఎర్రమట్టి. అదే ఎరుపు నెల రోజులుగా మా ఆయన బనీన్లకు ఎడమ పక్కన అంటుకుని వస్తోంది. అడిగితే హార్మోనియం పెట్టెకు వేయించిన రంగన్నారు. నేనూ నమ్మాను. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కాబోలు.

నడుం పట్టు. బనీను మీద బనీను. ఎర్రమట్టి. ఒక పక్కే. నా బుర్రలో గంట మోగింది. అయినా సాక్ష్యం కావాలి కదా! మా ఆయన్ని ఎక్కడికైనా కారులో తిప్పేది ఒక్క మధుసూదనరావు గారే. ఘంటసాల వైపు పొలాలున్న ఆసామి. ఆయనా మా ఆయనా పొద్దున్నే కలిసి నడుస్తారు. ఒకర్నొకరు బావా అని పిలుచుకుంటారు, చుట్టరికం మాత్రం ఏమీ లేదు. పెరట్లోకి వెళ్లి ఫోన్ కలిపాను.

"అన్నయ్యగారూ, మీ బావ నాకంతా చెప్పేశారండీ" అన్నాను. పచ్చి అబద్ధం. ప్రభువు క్షమిస్తాడు.

"చెప్పేశాడా! హమ్మయ్య, బతికించాడమ్మా. నాకైతే కడుపుబ్బిపోతోందనుకో. మూడుసార్లు తీసుకెళ్లాను, మా ఘంటసాల పక్కనున్న శ్రీకాకుళం. గుడి పక్క సందులో పెద్దాయన. ఎర్రమట్టి కలిపి సింహాన్ని ఎంత బాగా వేస్తాడనుకున్నావ్! సర్పి కదమ్మా, పాము కదా, సింహాన్ని చూస్తే ఆగిపోద్ది. మొన్న గురువారం కూడా కొత్తగా దిద్దించాం. రెండు కొనలు కలిస్తే ప్రాణం మీదికొస్తదని బావ దారి పొడుగునా ఒకటే గోల. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

ఫోన్ పెట్టేసి కాసేపు జామచెట్టు కింద నిలబడ్డాను. ఎవరిమీద కోప్పడాలో ముందు తేల్చుకోవాలి. చివరికి, కోప్పడే ముందు కాస్త ఆడుకుందామని నిర్ణయించుకున్నాను.

వినీలను ముందు గదిలోకి తీసుకొచ్చి, మా ఆయన పేపరుకు ఎదురుగా కూర్చోబెట్టాను. పేపరు కదల్లేదు.

"రా అమ్మా, పాఠం చెప్తాను. వైరస్ అంటే ఏమనుకున్నావ్? దానికి నోరు లేదు, కడుపు లేదు, ఊపిరి లేదు. తనలాంటిది ఇంకోటి ఎలా చేయాలో రాసిపెట్టుకున్న చిన్న చీటీ, దాని చుట్టూ ఒక తొడుగు. అంతే. బయట పడి ఉంటే రాయితో సమానం. మన ఒంట్లో దానికి సరిపడే కణం దొరికిందా, తలుపు తీయించుకుని లోపలికి దూరుతుంది. ఆ చీటీ కణం చేతిలో పెడుతుంది. పిచ్చి కణం తన పనులన్నీ మానేసి వైరస్‌లు తయారు చేస్తూ కూర్చుంటుంది. వందలకు వందలు. తర్వాత అవి బయటపడి పక్క కణాల మీద పడతాయి. వండేది మనం, వడ్డించేది మనం, తినిపోయేది అది. ఈ గొడవంతా రెండు వారాలు చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. పొక్కులు కనబడేసరికి సగం కథ అయిపోతుంది."

"తర్వాత తగ్గిపోద్ది కదాంటీ?"

"పొక్కులు తగ్గిపోతాయి. వైరస్ పోదు. ఒంట్లో కాపలావాళ్లు తరుముతుంటే నరాల వెంట వెనక్కి పాకి, వెన్నెముక పక్కన దాక్కుంటుంది. ఎనిమిదేళ్లప్పుడు ఆటలమ్మ వచ్చిన పిల్లాడు పెద్దవాడై, ఉద్యోగం చేసి, రిటైరై, హార్మోనియం వాయించుకుంటున్నా అది అక్కడే ఉంటుంది."

పేపరు ఒక్క బెత్తెడు వంగింది.

"వయసు మళ్లి, ఒంట్లో కాపలా సడలిన రోజు చూసుకుని లేస్తుంది. వచ్చిన నరం వెంటే మళ్లీ చర్మం మీదికొస్తుంది. నడుం చుట్టూ పట్టీలాగా పొక్కులు, మంట. దాన్నే సర్పి అంటారు. ఆ పొక్కుల నీటి నిండా అదే వైరస్. ఎప్పుడూ ఆటలమ్మ రాని మనిషికి ఆ నీరు తడితడిగా అంటిందనుకో, వాళ్లకు సర్పి రాదు, ఆటలమ్మ వస్తుంది."

పేపరు వణికింది. వినీల కళ్లు పెద్దవి చేసుకుని నా వైపు, పేపరు వైపు మార్చి మార్చి చూస్తోంది.

"దాన్ని పామనుకుని హడలిపోతారమ్మా కొందరు. తలా తోకా కలిస్తే చస్తామని ఏడుస్తారు. అది పామూ కాదు, పాడూ కాదు. ఎడమ పక్క నరం ఎడమ పక్కకే. వెన్నెముక దగ్గర బయల్దేరి బొడ్డు దగ్గర ఆగిపోతుంది. నడుం చుట్టూ తిరగమన్నా తిరగదు. రెండు కొనలూ కలవనే కలవవు."

పేపరు కిందికి దిగిపోయింది.

"కలవనే కలవవా?" అన్నారు మా ఆయన.

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎడం చేయి నడుం మీదే ఉంది. నేను లేచి బనీను పైకెత్తాను. ఒక బనీను, దాని కింద ఇంకో బనీను, దాని కింద సింహం. నాలుక బయటపెట్టి, జూలు విరబోసుకుని, గురువారం దిద్దిన రంగుతో ధగధగలాడుతోంది. మీసాలు కూడా ఉన్నాయి. దాని కాళ్ల కింద, ఒక్క పక్కనే, మానిన పొక్కుల మచ్చలు వరసగా ఉన్నాయి.

"ఆదివారం ఆదివారం వేపాకులు పెట్టొద్దు, తాయెత్తులు కట్టొద్దని ఊరందరికీ బుద్ధులు చెప్పే మనిషేనా మీరు!" అన్నాను. "మూడు రోజుల్లోపు చెప్పి ఉంటే వైరస్‌కి మాత్రలున్నాయి. పొక్కులు ఆగేవి, ఇంత నొప్పి మిగిలేది కాదు. ఇంట్లో జువాలజీ లెక్చరర్ని పెట్టుకుని..."

"అందుకే చెప్పలేదు" అన్నారాయన. గొంతు పెంచలేదు. "నీకు చెబితే బోర్డు మీద బొమ్మ వేసి వివరిస్తావు రత్నం. నాకప్పుడు బొమ్మ అక్కర్లేదు. ఏం కాదు, బతుకుతావని చెప్పే మనిషి కావాలి. రోజూ రాత్రి వేళ్లతో కొలుచుకునేవాణ్ణి, రెండు కొనల మధ్య ఎంత మిగిలిందా అని."

"బొమ్మ అక్కర్లేకనే ఒంటి మీద వేయించుకున్నారా!" అన్నాను గానీ, నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను.

నేను తిరిగొచ్చేసరికి మా ఆయన వినీల చేతిలోని చున్నీ వైపు, దాని మీద ఎర్ర మరక వైపు చూస్తున్నారు. అప్పుడు వెలిగింది ఆయనకు.

"ఆ శాలువా..." అన్నారు. "నా నడుం మీద నుంచి తీసి..."

"తడిగానే ఉంది మాస్టారూ," అంది వినీల. "మీకు చెమట పట్టిందనుకున్నా. దానితోనే కళ్లు తుడుచుకున్నా."

ఆయన మొహం చూడలేకపోయాను. పిల్లకిచ్చిన గౌరవం, పిల్ల మీద వేసిన నింద, రెండూ ఆ ఒక్క గుడ్డలోనే ఉన్నాయి మరి.

"సోలో నీదేనమ్మా. నేను కమిటీకి చెప్తాను. నీకు తగ్గిపోయింది, నీ వల్ల ఎవరికీ భయం లేదని చెప్తాను."

"సోలో ఒక్కటే అయితే సరిపోదండీ." ఆ పిల్ల చున్నీ మడిచి సంచిలో పెట్టుకుంది. "ఊళ్లోంచి మోసుకొచ్చానని అందరి ముందూ అన్నారు. మా నాన్న మొన్న ఫోన్లో 'మనింటి నుంచి ఏమైనా వచ్చిందా తల్లీ' అని అడిగాడు. అందరి ముందూ అన్నది అందరి ముందే పోవాలి."

ఆమె వెళ్లిపోయాక మా ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కమిటీకి విడిగా చెబితే చాలదా అన్నారు. చాలదన్నాను. సర్పి అని చెప్పి, సింహం సంగతి వదిలేస్తే అన్నారు. మరక ఎక్కడిదని ఎవరైనా అడిగితే హార్మోనియం రంగంటారా అన్నాను. నువ్వే చెప్పెయ్ అన్నారు. "సగం నేను చెప్తాను. పాఠం వరకే. మిగతా సగం మీ బనీను కింద ఉంది" అన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారిని అడిగి పది నిమిషాలు తీసుకున్నాను. ముందు నా తప్పు చెప్పాను. మొదటి కేసు వినీలే అని నోరు పారేసుకున్నానని, ఆ పిల్లకెవరిచ్చారని అడగాల్సింది అడగలేదని. తర్వాత, "చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చినవాళ్లు చేతులెత్తండి" అన్నాను. అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది. పాస్టరు గారు కళ్లు మూసుకున్నారు. హాల్లో ముప్పావు వంతు చేతులు లేచాయి, పాస్టరు గారిదీ లేచింది.

"మీ అందరి వెన్నెముకల పక్కనా ఆ వైరస్ ఈ నిమిషం దాకా నిద్రపోతోంది. హంసలదీవి నుంచి రానక్కర్లేదు. మనమందరం మోసుకు తిరుగుతున్నదే. మనలో ఒకరికి లేచింది" అని కూర్చున్నాను.

మా ఆయన కదల్లేదు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వెనక బెంచీలో వినీల మోకాళ్ల మీద చున్నీ పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది. ఇక లేవరులే అని నేను లేవబోతుంటే, హార్మోనియం పక్క కుర్చీ కిర్రుమంది.

"అది నాకు లేచింది" అన్నారు మా ఆయన. "ఈ పిల్ల మోసుకురాలేదు. నేనే శాలువాతో కప్పాను. చావుభయంతో మీ అందరి దగ్గరా దాచాను, దాచి ఈ పిల్ల మీదికి తోశాను. భయంతో ఇంకో పని కూడా చేశాను." లాల్చీ ఎత్తారు. బనీను ఎత్తారు. రెండో బనీను కూడా ఎత్తారు.

చర్చి మొత్తం సింహాన్ని చూసింది. సింహం కూడా నాలుక బయటపెట్టి చర్చిని చూసింది. అందరికంటే ముందు తేరుకున్నది మేరీ.

"మీసాలు అచ్చం మాస్టారివేనండీ" అంది.

ఒక్కసారిగా నవ్వులు. పాస్టరు గారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గారు గానీ, దగ్గుకు భుజాలు అలా ఎగరవు. మా ఆయన ఆ నవ్వుల మధ్య లాల్చీ దించుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డారు. నవ్వు కాస్త సద్దుమణిగాక వినీల వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. "క్షమించమ్మా" అన్నారు. తల వంచుకున్న పిల్ల తలెత్తింది. ఆ సాయంత్రం బెంజమిన్‌కి ఫోన్ చేసింది కూడా ఆయనే. ఏం మాట్లాడారో నేను వినలేదు, చాలాసేపు మాత్రం మాట్లాడారు.

శాలువాను నేనే మరిగే నీళ్లలో ఉడకబెట్టి ఉతికి, మూడు రోజులు డాబా మీద ఎండలో ఆరేశాను. పొక్కు నీరు ఎండిపోతే దాని మీద ఆ వైరస్ ఎన్నాళ్లో బతకదు, ఎప్పుడో చచ్చి ఉంటుంది. నాకు తెలుసు. అయినా నా తృప్తి నాది.

గుడివాడ హాలు కిటకిటలాడింది. సుధీరూ అక్షితా పెచ్చులు రాలి తేరుకుని, మచ్చల మొహాలతోనే వరసలో నిలబడ్డారు. మా వంతు వచ్చింది. మా ఆయన భుజాల మీద నుంచి శాలువా తీసి వినీల దగ్గరకు వెళ్లారు. కప్పబోయారు. వినీల చేయి అడ్డం పెట్టి, శాలువా తన చేతుల్లోకి తీసుకుంది. దీపాల వెలుగులోకి ఎత్తి ఒక వైపు చూసింది. తిప్పి రెండో వైపు చూసింది. కొసలు కూడా చూసింది. బందరు నుంచి వచ్చిన నాలుగు వరసలవాళ్లం పడీ పడీ నవ్వుతుంటే మిగిలిన ఆరు చర్చిల వాళ్లు మాకేదో అయిందనుకున్నారు. మా ఆయన చెవులు శాలువా రంగుకు తిరిగాయి. అప్పుడు వినీల శాలువా ఆయన చేతికే తిరిగి ఇచ్చి, కప్పమని వీపు తిప్పి నిలబడింది.

పాడింది. ఎలా పాడిందో నేను చెప్పలేను, నాకు పాట గురించి తెలియదు. ముందు వరసలో శ్యామ్ సుందర్ గారు జేబులోంచి తీసిన ఫోన్ మళ్లీ జేబులో పెట్టేసుకుని కూర్చున్నారు. పాట అయ్యాక చప్పట్లు ఆగకముందే లేచి మెట్ల దగ్గరకు వచ్చి, "జూన్ ఒకటో తారీకుకి వచ్చెయ్యమ్మా, మళ్లీ ఇంటర్వ్యూ ఏమీ లేదు" అన్నారు. మేరీ అక్కడే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

తిరిగొచ్చే వ్యానులో వినీల శాలువా మడతపెట్టి మా ఆయన ఒళ్లో పెట్టింది.

"మాస్టారూ, మీ వైరస్ ఇప్పుడు నా వెన్నెముక పక్కన కూడా ఉన్నట్టే కదా?"

మా ఆయన నా వైపు చూశారు. నేను తలూపాను.

"అరవై ఏళ్లు దాటాక నాకూ అది లేస్తే మిమ్మల్నే తలుచుకుంటానండీ. ఈ పాటతో పాటు."

మా ఆయన ఒళ్లోని శాలువాను సర్దుకున్నారు. పామర్రు దాటాక మెల్లగా అన్నారు.

"తలుచుకో తల్లీ. కానీ ముందు మూడు రోజుల్లోపు మాత్ర వేసుకో. ఎవరికీ చెప్పకుండా మాత్రం దాచుకోకు."